మింగిన క్యాన్సర్ మందు ఒంటికి పట్టేదెలా: పేగు గోడ వద్ద పాలిమర్ నానోరేణువుల పని

క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ ఇంజెక్షన్ సీసాలో ప్రతి మిల్లీలీటరుకూ 6 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. దాన్ని కరిగించి ఉంచడానికి అదే మిల్లీలీటరులో 527 మిల్లీగ్రాముల క్రెమోఫోర్ అనే ద్రావకాన్నీ, మిగిలిన దాదాపు సగం భాగంలో ఆల్కహాల్‌నూ కలుపుతారు. ఒక పాలు మందును మోయడానికి సుమారు 88 పాళ్ల ద్రావకం రక్తంలోకి వెళ్తోందన్నమాట. ఈ క్రెమోఫోర్ మరేదో కాదు. మన మెట్ట చేలల్లో పండే ఆముదపు గింజల నూనెనే ఇథిలీన్ ఆక్సైడ్‌తో చర్య జరిపి తయారుచేసే పదార్థం. కొందరిలో ఇది ప్రాణాల మీదికి తెచ్చే అలర్జీని కలిగిస్తుంది కాబట్టి డ్రిప్ మొదలుపెట్టే ముందే డెక్సామెథసోన్, యాంటీహిస్టమిన్ మందులు ఇవ్వాలి. మామూలు పీవీసీ సంచులలోని రసాయనాలను ఇది కరిగించి తీసుకొస్తుంది కాబట్టి వేరే రకం సీసాలు, ట్యూబులు వాడాలి. చాలా సందర్భాల్లో మూడు గంటల పాటు రోగి మంచం మీదే ఉండాలి. ఈ ఇబ్బందుల్లో చాలా భాగం మందుది కాదు, మందును మోసే ద్రావకానిది.

పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి మన్రో వాల్, భారత్‌లో పుట్టిన మన్సుఖ్ వాణి వేరుచేసి 1971లో నిర్మాణం ప్రకటించిన ఈ పదార్థానికి, అండాశయ క్యాన్సర్ చికిత్స కోసం అమెరికా అనుమతి 1992 డిసెంబరులో లభించింది. అప్పటి నుంచీ వినిపిస్తున్న ప్రశ్న ఒకటే: దీన్ని మాత్రగా ఎందుకు మింగకూడదు? మింగవచ్చు, కానీ మింగినదానిలో పదో వంతు కూడా సరిగ్గా రక్తానికి చేరదు. అందుకు కారణాలు మూడు, మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నవే. నీటిలో దాదాపుగా కరగకపోవడం మొదటిది: మిల్లీలీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కూడా కరగదు, పేగు గోడ మాత్రం కరిగిన అణువునే లోపలికి రానిస్తుంది. అణువు పెద్దది కావడం ఇంకొకటి. మాత్ర రూపంలో బాగా పనిచేసే మందుల అణుభారం సాధారణంగా 500 డాల్టన్ల లోపు ఉంటే, దీనిది 854. మూడోది, అన్నిటికంటే మొండిది, పేగు కణాలు లోపలికి వచ్చిన మందును పట్టుకుని బయటికి తోసేయడం.

ఈ తోసివేత పని పి-గ్లైకోప్రోటీన్ అనే పంపుది. మందులకు లొంగని కణాల పొర మీద 1976లో జూలియానో, లింగ్ దీన్ని గుర్తించారు. క్యాన్సర్ కణం కీమోను తట్టుకోవడానికి వాడే అదే ఆయుధాన్ని ఆరోగ్యంగా ఉన్న పేగు కణం కూడా, ఆహారంతో వచ్చే విషాలను అడ్డుకోవడానికి, నిత్యం వాడుతూనే ఉంటుంది. పంపు పాత్ర ఎంతటిదో 1997లో ఎలుకల మీద జరిగిన డచ్ పరిశోధన చూపించింది. మామూలు ఎలుకల్లో నోటి ద్వారా ఇచ్చిన పాక్లిటాక్సెల్‌లో 11 శాతం రక్తానికి చేరితే, ఆ పంపు జన్యువును తొలగించిన ఎలుకల్లో 35 శాతం చేరింది. నరానికి ఇచ్చిన మందులో సైతం 40 శాతం మామూలు ఎలుకల మలంలో బయటపడింది. జన్యువు తొలగించినవాటిలో అది 3 శాతం లోపే. రక్తంలో ఉన్న మందును కూడా పేగు వెతికి పట్టుకుని బయటికి పంపుతోందన్నమాట. దీనికి తోడు అవే కణాల్లో సైటోక్రోమ్ కుటుంబపు సీవైపీ3ఏ4 ఎంజైము కాపు కాస్తుంది. పంపు బయటికి తోసిన అణువు మళ్లీ లోపలికి వస్తుంది, మళ్లీ పోతుంది. వచ్చిన ప్రతిసారీ ఎంజైముకు దాన్ని ముక్కలు చేసే అవకాశం దొరుకుతుంది. ఈ రెండూ తప్పించుకున్నది కాలేయం దాటాలి.

తక్కువ శోషణ అనగానే మోతాదు పెంచితే సరిపోతుందని అనిపించవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. సగటున 10 శాతం ఒంటికి పట్టే మందు ఒకరోజు 5 శాతం, మరొకరోజు 15 శాతం పట్టిందనుకుంటే, రక్తంలోకి చేరిన మొత్తం మూడింతలు మారిపోతుంది. సగటు 80 శాతం ఉన్న మందులో అదే అయిదు శాతం అటూ ఇటూ అయినా రోగికి తేడా తెలియదు. క్యాన్సర్ మందులకు పనిచేసే మోతాదుకూ ప్రమాదకరమైన మోతాదుకూ మధ్య సందు ఇరుకు. అక్కడ మూడింతల తేడా అంటే ఒకరోజు గడ్డ మీద ఏమీ పనిచేయకపోవడం, మరొకరోజు తెల్ల రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరడం. అందువల్ల ఇలాంటి మందులను పేగు దాటించడానికి సాగుతున్న నానోరేణువుల పరిశోధనను అంచనా వేసేటప్పుడు సగటు శోషణ ఎంత పెరిగిందన్న అంకె కంటే, మనిషికీ మనిషికీ, పూటకీ పూటకీ ఉన్న హెచ్చుతగ్గులు ఎంత తగ్గాయన్నదే ముఖ్యంగా చూడాలి. ప్రచురితమయ్యే పత్రాల్లో చాలావరకు మొదటి అంకెనే పతాకంలా ఎత్తిపట్టడం ఈ రంగానికి మంచి చేయడం లేదు.

ఈ హెచ్చుతగ్గులు ఊహలో లెక్కలు కావు, ఇప్పటికే వాడుకలో ఉన్న మాత్రల్లో రోజూ కనిపించేవే. రొమ్ము క్యాన్సర్‌కు వాడే లాపాటినిబ్‌ను కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో వేసుకుంటే, పరగడుపున వేసుకున్నదానికి సుమారు నాలుగింతలు రక్తంలోకి చేరుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరాటెరోన్ విషయంలో ఆ తేడా పదింతల దాకా పోతుంది. అందుకే దాన్ని పరగడుపున 1000 మిల్లీగ్రాములు మింగమంటారు. తక్కువ కొవ్వున్న అల్పాహారంతో 250 మిల్లీగ్రాములే చాలునేమోనని చూసిన 2018 నాటి చిన్న ప్రయోగం, రక్తంలో ప్రోస్టేట్ గడ్డ తీవ్రతను సూచించే పీఎస్‌ఏ తగ్గుదల అంతే స్థాయిలో ఉందని చూపింది. అంటే నాలుగు మాత్రల్లో మూడు పేగు గుండా ఊరికే పోతున్నాయనుకోవచ్చు. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సోరాఫెనిబ్ ఇందుకు ఎదురు నడుస్తుంది: కొవ్వున్న భోజనంతో దాని శోషణ 29 శాతం తగ్గుతుంది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2012 మార్చిలో దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా మందు తయారుచేసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి) పొంది, నెలకు రూ. 2,80,428 అయ్యే చికిత్సను రూ. 8,880కి తెచ్చింది ఈ మందుకే. ధర దిగినా, మింగినదానిలో ఒంటికి పట్టేది ఎంతన్న ప్రశ్న అక్కడా అలాగే మిగిలింది.

పాలిమర్ నానోరేణువు ఈ చిక్కుకు ఒక సమాధానంగా వచ్చింది. మందు అణువులను జీవులకు హాని చేయని పాలిమర్ గొలుసుల మధ్య చెదిరిపోయేలా ఇమిడ్చి, వంద నుంచి రెండు వందల నానోమీటర్ల గోళాలుగా మార్చడం ఇందులోని పద్ధతి. ఎక్కువగా వాడేది లాక్టిక్ ఆమ్లం, గ్లైకోలిక్ ఆమ్లం కలిసిన పీఎల్‌జీఏ. శరీరంలో దానంతటదే కరిగిపోయే కుట్టు దారాలు ఇదే కుటుంబానివి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు నెలకోసారి ఇచ్చే ల్యుప్రోలైడ్ సూది మందు 1989 నుంచీ ఇలాంటి పాలిమర్ రేణువుల్లోనే వస్తోంది. నీరు తగిలి గొలుసు తెగితే మిగిలేవి ఆ రెండు ఆమ్లాలే, వాటిని ఎలా ఖర్చు చేయాలో శరీరానికి తెలుసు.

తయారీని దగ్గర నుంచి చూస్తే అది వంటింటి పనిలా సరళంగా కనిపిస్తుంది. పాలిమర్‌నూ మందునూ కలిపి అసిటోన్‌లో కరిగించి, ఆ ద్రావణాన్ని గిర్రున తిరుగుతున్న నీటిలో చుక్కచుక్కగా వదులుతారు. అసిటోన్ నీటిలో కలిసిపోతుంది, పాలిమర్‌కు నీరంటే పడదు. ఆ క్షణంలోనే గొలుసులు ముడుచుకుని, మందును తమలో బంధించుకుని గోళాలైపోతాయి. అప్పటిదాకా తేటగా ఉన్న నీరు పలచని మజ్జిగతేటలా మారి, వెలుతురుకు ఎదురుగా పెడితే నీలి ఛాయ కొడుతుంది. అసిటోన్‌ను ఆవిరి చేసి, గోళాలు ఒకదానికొకటి అతుక్కోకుండా ట్రెహలోస్ వంటి చక్కెర కలిపి, గడ్డకట్టించి ఆరబెడితే పొడి చేతికొస్తుంది. ఫెస్సీ బృందం 1989లో ప్రచురించిన ఈ పద్ధతి నేటికీ ప్రయోగశాలల్లో నిత్యం నడుస్తున్నదే. బీకరులో సునాయాసంగా వచ్చే గోళాలు పెద్ద ట్యాంకుల్లో అదే కొలతతో రావు. కలియబెట్టే వేగం, చుక్క పరిమాణం మారితే రేణువు సైజు మారుతుంది, సైజు మారితే పేగులో దాని నడక మారుతుంది.

ఆ నడక ఎలా ఉంటుందన్నదే ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. పేగు లోపలి విస్తీర్ణం టెన్నిస్ మైదానమంత ఉంటుందని పుస్తకాల్లో చదువుకున్నాం. 2014లో సూక్ష్మదర్శినితో మళ్లీ కొలిచినప్పుడు మొత్తం జీర్ణనాళానికి సుమారు 32 చదరపు మీటర్లే వచ్చాయి. అదైనా ఒక చిన్న ఇంటి విస్తీర్ణమంత చోటు. ఆ చోటంతా జిగట శ్లేష్మంతో పూసి ఉంటుంది. అది గట్టి గోడ కాదు, మ్యూసిన్ అనే ప్రోటీన్ దారాల వల. అంతకు మించి, కొన్ని గంటలకోసారి పాతది జారిపోయి కొత్తది ఊరే కదిలే పొర. ఇక్కడ పరిశోధకులు రెండు శిబిరాలుగా చీలారు. రేణువు శ్లేష్మానికి అతుక్కుంటే పేగులో ఎక్కువసేపు ఉంటుందని ఒక వాదం. అతుక్కున్నది శ్లేష్మంతో పాటే జారి బయటికి పోతుంది కాబట్టి, దేనికీ అంటకుండా వల కన్నాల గుండా దూరిపోయేలా చేయాలని రెండో వాదం.

మొదటి వాదానికి ఇష్టమైన పదార్థం కైటోసాన్. రొయ్యల పెంకులలోని కైటిన్‌ను క్షారంతో ఉడికించి దీన్ని తీస్తారు. దేశంలో రొయ్యల సాగులో ముందున్న ఆంధ్రప్రదేశ్ తీరంలో ఆ పెంకులకు కొరత లేదు. కైటోసాన్‌కు ధనావేశం, శ్లేష్మానికి రుణావేశం కాబట్టి రెండూ పట్టుకుంటాయి. అంతేకాక పక్కపక్క కణాలను బిగించి ఉంచే కుట్లను ఇది కాసేపు సడలిస్తుంది. కానీ దాని ఆవేశం ఆమ్లంలోనే నిలుస్తుంది. కడుపులోని పులుపులో కరిగే కైటోసాన్, చిన్నపేగు తటస్థ స్థితికి వచ్చేసరికి, అంటే సరిగ్గా అవసరమైన చోట, ఆవేశాన్ని పోగొట్టుకుని ముద్దకడుతుంది. మిథైల్ సమూహాలు చేర్చి ఆవేశాన్ని శాశ్వతం చేసిన ట్రైమిథైల్ కైటోసాన్ ఆ లోపానికి పుట్టిన విరుగుడు. రెండో వాదానికి బలం జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ హేన్స్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. గొలుసు పొడవు తక్కువగా ఉన్న పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను ఒత్తుగా పూసిన రేణువులు, 200, 500 నానోమీటర్ల సైజువి కూడా, మానవ శ్లేష్మంలో నీటిలో కంటే నాలుగు నుంచి ఆరు రెట్లు మాత్రమే నెమ్మదిగా కదిలాయి. ఆ శ్లేష్మం పేగుది కాదు, యోని మార్గానిది. అయినా అతుక్కోవడమే మేలన్న నమ్మకాన్ని అది గట్టిగా కదిలించింది. కొద్ది గంటల్లో మారిపోయే పొరకు అతుక్కోవడం కంటే దాన్ని దాటడమే సరైన దారి అన్నది ఈ రెంటిలో బలమైన వాదంగా తోస్తుంది.

శ్లేష్మం దాటిన తరువాత రేణువు కణాల గోడను చెక్కుచెదరకుండా దాటుతుందా? ఈ రంగంలో అత్యధికంగా అపార్థానికి గురైన ప్రశ్న ఇదే. కొంత దాటుతుందనడానికి ఆధారాలున్నాయి. పేగు గోడలోని రోగనిరోధక కణాల గుంపులైన పేయర్ ప్యాచ్‌ల మీద ఉండే ఎం కణాలు సూక్ష్మజీవులను పరీక్షకు లోపలికి తీసుకెళ్లినట్టే రేణువులనూ తీసుకెళ్తాయి. ఆ దారిన పోయినవి శోషరస నాళాల గుండా, కాలేయాన్ని తప్పించుకుని, రక్తంలో కలుస్తాయి. ఎలుకల పేగులో చేసిన 1996 నాటి ప్రయోగంలో, మైక్రోమీటర్ల సైజు రేణువులతో పోలిస్తే 100 నానోమీటర్ల రేణువులు పదిహేను నుంచి రెండు వందల యాభై రెట్లు ఎక్కువగా కణజాలంలో చేరాయి. అయితే మనిషి పేగు కణాల్లో ఎం కణాల వాటా ఒక శాతం కూడా ఉండదు. పైగా రేణువుల ప్రయాణాన్ని చూపించే చిత్రాల్లో ఎక్కువ భాగం వాటిలో నింపిన రంగు ఆధారంగా తీసినవి. రంగు రేణువులోంచి కారి ఒంటరిగా కణంలోకి పోయినా సూక్ష్మదర్శిని కింద అదే మెరుపు కనిపిస్తుంది. మెరిసింది రేణువో, రేణువు వదిలిన రంగో తేల్చే పరీక్ష జత చేయని పత్రాన్ని ఆచితూచి నమ్మాలి.

రేణువు మొత్తంగా దాటకపోయినా దాని శ్రమ వృథా కాదు. పేగు గోడను ఆనుకుని ఉన్న పలచని ద్రవపు పొరలో, కరిగిన స్థితిలో ఉన్న మందు గాఢతను పెంచి నిలబెట్టడమే చాలా రేణువులు నిజంగా చేసే పని. స్ఫటికంగా ఉన్న మందు కరగడానికి మొరాయిస్తుంది. పాలిమర్‌లో చెదిరి ఉన్న మందుకు ఆ స్ఫటికపు కట్టుబాటు లేదు, రేణువు చిన్నది కాబట్టి నీటికి తగిలే ఉపరితలం ఎక్కువ. మందు గాఢత ఒక్కసారిగా పెరిగితే పంపు తన శక్తికి మించిన పనితో తలమునకలవుతుంది. అది చాలదనుకున్నప్పుడు పంపు చేతులు కట్టేసే పదార్థాన్నే రేణువు పైపూతగా వాడతారు. విటమిన్ ఇ నుంచి చేసిన టీపీజీఎస్ అలాంటిది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో సి-షెన్ ఫెంగ్ బృందం పాక్లిటాక్సెల్ పీఎల్‌జీఏ రేణువులకు దీన్ని చేర్చి ఏళ్ల తరబడి పనిచేసింది. మందు, దాని కాపలాదారును ఆపే పదార్థం ఒకే రేణువులో కలిసి ఒకే చోటికి చేరడం ఇందులోని తెలివి. విడి మాత్రగా ఇచ్చే పంపు నిరోధకానికి ఆ సౌలభ్యం లేదు.

ఇన్ని సౌకర్యాలున్నా ఈ రేణువులు రోగి చేతికి మాత్రగా ఎందుకు రాలేదో ఒక చిన్న లెక్క చెబుతుంది. పంపును ఆపే ఎన్సెక్విడార్‌తో కలిపి నోటి పాక్లిటాక్సెల్‌ను పరీక్షించినప్పుడు వాడిన మోతాదు, శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు రోజుకు 205 మిల్లీగ్రాములు, వారంలో మూడు రోజులు. 1.6 చదరపు మీటర్ల ఉపరితలమున్న మనిషికి రోజుకు దాదాపు 330 మిల్లీగ్రాములు. పీఎల్‌జీఏ రేణువు బరువులో మందు వాటా అయిదు శాతం అనుకుంటే, ఆ మోతాదుకు ఆరున్నర గ్రాముల పొడి మింగాలి. అర గ్రాము పట్టే క్యాప్సూల్ గొట్టాలలో నింపితే పదమూడు. ఆకలి చచ్చి, వాంతులతో ఉన్న రోగి ముందు పదమూడు గొట్టాలు పెట్టడం చికిత్స అనిపించుకోదు. శోషణ మూడింతలైతే మోతాదు మూడో వంతుకు దిగి, నాలుగైదు గొట్టాలతో సరిపోవచ్చు. రేణువులో ఎంత మందు పట్టిందన్నది పత్రం చివర పట్టికలో ఇరుక్కోవలసిన విషయం కాదని ఈ లెక్క చెబుతోంది.

పరీక్షా పద్ధతుల బలహీనత వేరే. శోషణను అంచనా వేసే కాకో-2 కణాలు ఒక పెద్దాయన పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చినవి. మూడు వారాలు పెంచితే చిన్నపేగు కణాల్లా ప్రవర్తిస్తాయి గానీ శ్లేష్మాన్ని ఊరించవు. శ్లేష్మమే పెద్ద అడ్డంకి అయిన చోట శ్లేష్మం లేని నమూనా మీద వచ్చిన ఫలితం ఎంతవరకు నిలుస్తుంది? శ్లేష్మం ఊరించే కణాలను కలిపి పెంచడం కొంత మేలు. పైత్య లవణాలు, కొవ్వు ఉన్న ద్రవంలో రేణువు ఎంతసేపు చెక్కుచెదరక ఉందన్నదీ ముందుగా చూడవలసిందే, ఎందుకంటే భోజనం తరువాతి పేగు ప్రయోగశాలలోని ఉప్పునీరు కాదు.

ఇదే దారిలో మనుషుల దాకా వచ్చిన మందుల చరిత్ర మూడు రకాలుగా ఉంది. ఎన్సెక్విడార్‌తో కలిపిన నోటి పాక్లిటాక్సెల్, సూది మందు కంటే ఎక్కువ మందిలో గడ్డలను తగ్గించింది, నరాల తిమ్మిరిని తక్కువ చేసింది; అయినా తెల్ల రక్తకణాలు పడిపోవడం వల్ల వచ్చే ప్రమాదాలు ఎక్కువయ్యాయన్న ఆందోళనతో 2021లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. దక్షిణ కొరియాలో 2016లో జీర్ణాశయ క్యాన్సర్‌కు అనుమతి పొందిన నోటి పాక్లిటాక్సెల్ పాలిమర్ దారి పట్టలేదు, కొవ్వుల మిశ్రమాన్ని నమ్ముకుంది. పాలిమర్‌కు నిజంగా గెలుపు దక్కింది వెమురాఫెనిబ్‌లో. చర్మ మెలనోమాకు దీన్ని మొదట స్ఫటిక రూపంలో ఇచ్చినప్పుడు, మోతాదు పెంచుకుంటూ పోయినా రక్తంలో చాలినంత చేరలేదు, గడ్డలు తగ్గలేదు. ప్రయోగాన్ని ఆపి, మందును సెల్యులోజ్ నుంచి చేసిన ఒక పాలిమర్‌తో కలిపి స్ఫటికం కట్టకుండా అవక్షేపించి, కొత్త రూపంలో మళ్లీ మొదలుపెట్టారు. అణువు అదే, రోగం అదే. ఈసారి గడ్డలు కరిగాయి, 2011 ఆగస్టులో అనుమతి వచ్చింది. అది లెక్కకు నానోరేణువు కాకపోయినా, పాలిమర్ చేసిన పని పైన చెప్పినదే: మందును కరిగే స్థితిలో పేగు గోడ దాకా తీసుకెళ్లడం. మొదటి రూపంతోనే ఆ మందును పనికిరానిదని పక్కన పెట్టేసి ఉంటే, లోపం అణువుదా, దాన్ని మోసినదానిదా అన్నది ఎవరికీ తెలిసేది కాదు.

ఒక హెచ్చరికను మాత్రం ఈ రంగం ఇంకా తగినంత పట్టించుకోవడం లేదు. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది. దాని అడుగున కణాలు క్యాన్సర్ కణాలంత ఆత్రంగా విభజన చెందుతుంటాయి. కణవిభజనను ఆపే మందును అదే పొర పక్కన గంటల తరబడి గాఢంగా నిలిపి ఉంచే రేణువు, శోషణను పెంచుతూనే ఆ పొరను పుండ్లు చేయగలదు. విరేచనాలతో నీరసించిన రోగి పేగు ఆ తరువాతి మోతాదును అదే తీరున పీల్చుకోదు. అందువల్ల ఎలుకల్లో రక్తపు గాఢతను కొలిచే ప్రతి అధ్యయనం, ఒక్క మోతాదుతో ఆగకుండా, వారాల పాటు మందు ఇచ్చాక అదే ఎలుకల చిన్నపేగు ముక్కను కోసి చూషకాల (పేగు లోపలి గోడ మీది వేళ్ల వంటి మొలకల) ఎత్తు ఎంత తగ్గిందో కొలిచి, మొదటి రోజు శోషణనూ చివరి రోజు శోషణనూ పక్కపక్కన చూపించాలి.